రావి ఆకులు నానేసిన కుండ

మొన్న బుద్ధపూర్ణిమ ముందు మా అన్న మునిమనవరాలు బడి నుంచి ఒక అట్టపెట్టె తెచ్చుకుని, ఆదోనిలో మేముండే ఇంటి ముందుగదిలో నేలంతా పరుచుకుని కూర్చుంది. ఇంట్లోనే బుద్ధుణ్ణి తయారు చేసుకునే సామానట అది. అచ్చు పోసిన తెల్లటి బుద్ధుడి ముఖం, వేలితో నొక్కితే ఊడివచ్చే అట్టచక్రం, ఎక్కడ మడవాలో ముందే గీతలు పడి ఉన్న తామరపూల కాగితాలు, గొట్టంలో జిగురు, వీటన్నిటితో పాటు ఒక పల్చటి ప్లాస్టిక్ సంచిలో పచ్చదనమంతా పోయి ఈనెల వల మాత్రం మిగిలిన రావి ఆకులు, ఒకటి గులాబీ రంగుది, ఒకటి నీలం రంగుది. ఆ ఆకును బుద్ధుడి తల వెనక అంటించాలా, పాదాల దగ్గర అంటించాలా అని పిల్ల నన్నడిగితే, నేను ఆకు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కావాలని చేసింది కాదు, చెయ్యి దానంతట అదే పోయింది. పిల్ల నావంక వింతగా చూసి మళ్లీ తన పనిలో పడింది.

ఎందుకు వాసన చూశానో ఆ పిల్లకు చెప్పాలంటే ముందు గంజి అంటే ఏమిటో చెప్పాలి, పడుగు అంటే ఏమిటో చెప్పాలి, అంత ఓపిక ఆమెకూ లేదు, నాకూ లేదు. నా ఈడు వాళ్లకైతే ఇవేవీ చెప్పనక్కరలేదు. ఎమ్మిగనూరులో మగ్గాల వీధిలో పుట్టి పెరిగినవాళ్లకు తెల్లవారుజామున వీధి పొడుగునా మగ్గానికెక్కే నిలువు పోగుల పడుగులు చాచి ఉండటం, వాటి కింద నుంచి వంగి దూరి నీళ్లకు పోవడం, పొరపాటున తల తగిలిందంటే ఇంటివాళ్ల చేత తిట్లు తినడం అన్నీ గుర్తుండే ఉంటాయి. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల మాట ఇది. బుద్ధ భగవానుడు నిర్యాణం చెంది రెండువేల ఐదువందల ఏండ్లయిందని దేశమంతా జయంతి చేస్తున్నారని, బడుల్లో కూడా చేయాలని పైనుంచి చెప్పిన సంవత్సరం. మా వీధిలో బుద్ధుడంటే దశావతారాల్లో ఒకరని తెలిసినవాళ్లే తప్ప, ఆయన ఎట్లా ఉంటాడో సరిగా చూసినవాళ్లు లేరు.

అప్పటికి నేను మొగుడు పోయి పుట్టింటికి తిరిగి వచ్చిన దాన్ని. నందవరంలో కాపురం ఏడాది కూడా నిండలేదు, వాంతులు భేదులు వచ్చి ఆయన పోయాడు. పుట్టింట్లో అమ్మ అప్పటికే లేదు. నాయన, అన్న, వదిన, నేను, అంతే. నాయనా అన్నా చెరొక గుంత మగ్గంలో దిగితే, పొద్దున లేచింది మొదలు రాట్నం ముందు కూర్చుని వాళ్లిద్దరికీ నూలు కండెలు చుట్టడం నా పని. ఇల్లు వదినది, పొయ్యి వదినది, పెత్తనం వదినది. నాకు నోటిదురుసు ఎక్కువ, ఇప్పటికీ తగ్గలేదు, ఇంట్లో వాళ్లు సాక్ష్యం చెబుతారు. వదినది మాట్లాడకుండా మొహం ముడుచుకునే స్వభావం. నేను వచ్చినప్పటినుంచి మా ఇద్దరి మధ్యా పనికి తగినంత మాటలే నడిచేవి. ఇరవై ఏండ్లు నిండకుండానే ఆ రాట్నం ముందు ముసలిదాన్నయిపోతానని తలచుకుంటే నాకు భయం వేసేది. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు.

అటువంటప్పుడు ఆడపిల్లల బడి పెద్ద పంతులమ్మ మా ఇంటికి వచ్చింది. ఆమె క్రైస్తవురాలు, తెల్లచీర కట్టి గొడుగు పట్టుకుని వీధిలో నడిచి వస్తుంటే మగ్గాల చప్పుడు కాస్త తగ్గేది. నేను ఎనిమిదో తరగతి దాకా ఆమె దగ్గరే చదివాను. బడులకు చేతిపనులు నేర్పే పంతులమ్మలను వేసుకుంటున్నారని, జయంతికి ఆదోనిలో అన్ని బడుల వస్తువులూ పెట్టి ప్రదర్శన జరుపుతారని, దానికి వచ్చే విద్యాశాఖ అధికారి కంట్లో పడితే నాకు పని దొరుకుతుందని, ఆలోగా పిల్లలకు వచ్చి నేర్పమని ఆమె నాయనను అడిగింది. మొగుడు పోయిన పిల్ల బడికి పోవడమేమిటని వీధిలో నలుగురూ నాలుగు మాటలు అంటారని నాయనకు తెలుసు. మగ్గంలోంచి లేవకుండానే నాతో అన్న మాట నాకింకా చెవిలో ఉంది.

"పోతే పోమ్మా. కానీ నీ బొమ్మల పనితో మన పనిలో ఒక్క పోగు సెడినా, మళ్లా బడి మాట ఎత్తగూడదు. ఇప్పుడే సెప్తాండా."

అంతే చాలనుకున్నాను నేను. ఆ మాట ఎంత బరువైందో తరవాత తెలిసింది.

బుద్ధుణ్ణి చేయడం మాత్రం మాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. మన ఇండ్లల్లో కాగితపు బుట్టలు ఎట్లా చేసేవాళ్లం? పాత కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి మెత్తగా రుబ్బి, బోర్లించిన కుండమీద మెత్తి ఎండాక ఊడదీసేవాళ్లం కదా. అదే పని. పెద్ద పంతులమ్మ ఇచ్చిన పాత పరీక్ష కాగితాలన్నీ రోట్లో వేసి రుబ్బాను, పెద్ద కుండ ఆయన ఒళ్లయింది, చిన్న ముంత ఆయన తలయింది, అందుకే మా బుద్ధుడికి కాస్త బొజ్జ వచ్చింది. బుగ్గలు కూడా గుండ్రంగా, కడుపునిండా తిన్నవాడి బుగ్గల్లా తేలాయి. తల మీది ఉంగరాల జుట్టుకు మాత్రం నేను చాలా ఆలోచించాను. నేత అయిపోయాక మగ్గం మీద మిగిలిపోయే పోగుల కొసలుంటాయే, వాటిని చింతగింజల జిగురులో తడిపి వేలి చివర చిన్న చిన్న చుట్టలు చుట్టి ఒక్కొక్కటే అంటించాను. విరిగిన పాత రాట్నం చక్రం ధర్మచక్రమయింది. నాయన రోజూ మగ్గం దిగి వచ్చి కాసేపు నిలబడి చూసేవాడు. ఒకరోజు చాలా అనుమానంగా, ఈయనకు జందెం ఉంటుందా అని అడిగాడు. మా నేతవాళ్లకు ఉంది కదా, దేవుడికి లేకపోతే ఎట్లాగని ఆయన బాధ. రాజ్యం వదిలేసినప్పుడే తీసేసి ఉంటాడులే అని అన్న మగ్గంలోంచి అరిచి చెబితే అందరం నవ్వాం, వదిన కూడా.

రావి ఆకుల సంగతి పెద్ద పంతులమ్మే చెప్పింది. ముదురాకులు ఏరి, చాకలి సోడా కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానబెడితే ఆకు కండ కుళ్లిపోతుంది, మెత్తటి కుంచెతో తుడిస్తే ఈనెల వల మిగులుతుంది. బుద్ధుడికి జ్ఞానం కలిగింది రావిచెట్టు కింద కనుక, నల్లగుడ్డ మీద అటువంటి ఆకులు నిండా పరిచి ఆయన వెనక నిలబెడితే చూసేవాళ్లు కళ్లు తిప్పుకోరని ఆమె అంది. ఆదోని దారిలో ఉన్న రావిచెట్టు నుంచి ఆకులు తెచ్చి ఒక కుండలో నానేసి ఇంటి వెనక చావడిలో పెట్టాను. ఆ ఎండల్లో నాలుగు రోజులకే అది కంపు మొదలుపెట్టింది. అంతటి కంపు నేను మళ్లీ ఎప్పుడూ పీల్చలేదు. అయితే ఆ చావడిలో అదొక్కటే కంపు కాదు, పక్కనే పులిసిన గంజి కుండ, అందులో కలిపే నీళ్ల కుండ కూడా ఉండేవి. మగ్గం ఉన్న ఇంట్లో గంజి పులుపు కొత్తేమీ కాదు, కంపు మీద ఇంకో కంపు, అంతే. వదిన మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోకుండా ఆ చావడిలోకి వచ్చేది కాదు. నామీద కోపాన్ని నా కుండమీద చూపిస్తోందని నేను లోలోపల ఉడికిపోయేదాన్ని.

జయంతి దగ్గరపడింది. ఆకులు తుడవడానికి సిద్ధంగా ఉన్నాయి, ఆ మరునాడు పిల్లలను పిలిచి కుంచెలు చేతికివ్వాలనుకున్నాను. ఆ మరునాడే తెల్లవారుజామున మా పడుగు వీధిలో చాచారు. చేనేత సంఘం వాళ్లు ఇచ్చిన నూలుతో తెల్ల పంచెలకు పోసిన పడుగు. పడుగు చెడితే ఇంట్లో రెండు మగ్గాలూ నిలబడిపోతాయి, మళ్లీ నమ్మి నూలు చేతిలో పెట్టేదాకా వాళ్ల గడపల ముందు నిలబడాలి. పోగు తెగకుండా గంజి పెట్టడంలో ఉన్న చిక్కు మీకు తెలుసు. గంజి తగిలిన పోగులను ఆరేదాకా కుంచెతో దువ్వుతూనే ఉండాలి, ఒక్కచోట చెయ్యి ఆగినా పోగులు ఒకదానికొకటి అతుక్కుని పడుగంతా కట్టెలా బిగుసుకుంటుంది. అందులో వైశాఖం, పొద్దు పొడిస్తే గంజి ఇట్టే ఆరిపోతుంది. నాయన ఒకవైపు, అన్న ఒకవైపు కుంచెలు పట్టారు, నేను కొయ్యల దగ్గర పడుగు బిగువు చూస్తున్నాను, వదిన లోపలి నుంచి గంజి పలచన చేసి తెచ్చి ఇస్తోంది.

వెలుగు రాకముందు రంగు ఎవరికి కనబడుతుంది? తూర్పున తెల్లబడి, ఇంటి చూరులు కనబడేసరికి, పడుగులో గంజి తగిలిన మేరంతా తేనీళ్లు ఒలికినట్టు గోధుమరంగులో తేలింది. ఒకచోట ముదురుగా, ఒకచోట మచ్చలుగా. మిగిలిన పడుగు తెల్లగా మల్లెపూవులా ఉంది. నాయన కుంచె ఆపలేదు, ఆపడానికి లేదు. చెయ్యి ఆడిస్తూనే వంగి పోగుల వాసన చూశాడు. తల ఎత్తి నావంక చూశాడు. నేను పడుగు కొయ్య తాడును ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

పక్కింటి వాళ్లు, ఎదురింటి వాళ్లు తమ పడుగుల దగ్గర నుంచి తొంగి చూస్తున్నారు. బడికి పోయే పిల్ల కుండలే ఈ పని చేశాయని ఎవరో అనడం వినబడింది. నేనా కుండ ముట్టుకోలేదు, ఆ పొద్దున చావడిలోకే పోలేదు. పోయింది ఎవరో నాకు తెలుసు. కావాలనే చేసింది, నా బతుకు ఈ రాట్నం దగ్గరే తెల్లవారాలని చేసింది అని నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరిచి ఆ మాట అనేయబోయాను కూడా. ఇంతలో వదిన గంజి గిన్నె కింద పెట్టి వీధిలోకి వచ్చింది. పెండ్లయి వచ్చినప్పటినుంచి ఆమె మామ ఎదుట నిలబడి మాట్లాడి ఎరగదు, ఏదైనా చెప్పాలంటే గోడకు చెప్పినట్టు తల తిప్పుకుని చెప్పేది. ఆరోజు కొంగు తల మీద సర్దుకోవడం కూడా మరిచిపోయి ఆయనకు ఎదురుగానే నిలబడింది.

"నేనే మామా. గంజిలో నీళ్లు పోసింది నేనే. ఆ కంపుకు కడుపులో తిప్పుతాంటే ముక్కు మూసుకోని, కండ్లు మూసుకోని ముంచినా, యా కుండో సూడలేదు. ఆ పిల్ల తప్పు ఏం లేదు." అని ఆగి, వీధంతా వింటోందని తెలిసీ, "నాకు మూడో నెల మామా," అంది.

ఆ మాటకు ఎంత విలువో మా ఇంట్లో వాళ్లకే తెలుసు. అంతకుముందు రెండుసార్లు ఆమె కడుపు నిలవలేదు. ఈసారి ఐదో నెల నిండేదాకా మొగుడికి తప్ప ఎవరికీ చెప్పనని మా కులదేవత చౌడమ్మకు మొక్కుకుందట, ఆ సంగతి తరవాత అన్న చెప్పాడు. నోటి నుంచి ఒక మాట జారకుండా కాపాడుకుంటున్న దాన్ని, తనతో సరిగా మాట్లాడనైనా మాట్లాడని ఆడబిడ్డ కోసం నడివీధిలో పెట్టేసింది. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా వీలులేదు, పడుగు బిగువు వదలకూడదు.

నాయన కుంచె ఆడిస్తూనే, చల్లగా నావంక తిరిగి, "కుండలో ఇంగ ఎంతుంది?" అని అడిగాడు.

ఆయన మనసులో ఏముందో నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. చెడింది ఒక మేర, దాన్ని తెల్లగా చేయలేం, మిగతాది కూడా అదే రంగులోకి తెస్తే కనీసం ఒక గుడ్డయినా అవుతుంది. కుండలో నీళ్లు అడుగంటి ఉన్నాయి. ఉన్నదల్లా ఆకులే. రంగంతా ఇంకా వాటి కండలోనే ఉంది, పిండితే వస్తుంది, పిండితే ఆ వలలు చిరిగిపోతాయి. బుద్ధుడి వెనక నిలబెట్టాలనుకున్నది, అధికారి కళ్లు తిప్పుకోకూడదని ఆశ పెట్టుకున్నది అదే. పొద్దు ఇంటి చూరు దాటుతోంది. నేను వదిన చేతికి కొయ్య తాడు ఇచ్చి లోపలికి పరుగెత్తి, కుండలో రెండు చేతులూ పెట్టి ఆకులన్నీ నలిపాను. ఆ రసం గంజిలో కలిపి తెచ్చి పోస్తుంటే నాయన, అన్న దువ్వుతూ పోయారు, ఎదురింటి వాళ్లు కూడా తమ కుంచెలు తెచ్చి చెయ్యి వేశారు. పొద్దెక్కేసరికి వీధి పొడుగునా ఒకే రంగు పడుగు ఆరింది. అక్కడక్కడ మచ్చలు లేకపోలేదు. నా చేతుల కంపు చాలా రోజులు పోలేదు, అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవాలంటే ఊపిరి బిగపట్టేదాన్ని.

ఆ రోజు తరవాత బడి మాట నేను ఎత్తలేదు. ఎత్తే ధైర్యం లేదు. ఆదోనికి బయలుదేరాల్సిన పొద్దున నేను రాట్నం ముందు కూర్చుని ఉంటే, నాయన మగ్గం మీద నుంచి నేసినంత మేర కోసి తెచ్చి నా ఒడిలో వేశాడు. పడుగు రావిరంగు, అడ్డం పోగు పేక తెలుపు, ఎర్రమట్టి నీళ్లకూ కావి గుడ్డకూ మధ్య ఒక రంగు. ఇది మీ బుద్ధుడికి చుట్టండి, బొజ్జయినా దాగుతుంది అన్నాడు. ఒక్క పోగు చెడినా బడి మాట ఎత్తగూడదన్న మనిషి అట్లా అనడం నాకు ఎంత ఆశ్చర్యమయిందో చెప్పలేను.

ఆదోనిలో పెద్ద హాలులో ఎంతమంది బుద్ధులో. బొంబాయి నుంచి తెప్పించిన రంగుల పటాలు, సున్నపు రాతిలో చెక్కినవి, గాలిపటాల కాగితంతో చేసిన తామరలు. వాటి మధ్య మా కుండబొజ్జ బుద్ధుడు, నేతపోగుల జుట్టుతో, వెనక ఆకుల తెర లేకుండా, రావిరంగు గుడ్డ కప్పుకుని కూర్చున్నాడు. అధికారి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి మా ముందు ఆగి గుడ్డ కొస వేళ్లతో పట్టుకుని ఈ రంగు ఎక్కడిదని అడిగాడు. పెద్ద పంతులమ్మ నన్ను ముందుకు తోసింది. రావి ఆకులదని మాత్రం చెప్పగలిగాను. ఆయన సరే అని ముందుకు పోయాడు. బస్సులో తిరిగి వస్తుంటే పెద్ద పంతులమ్మ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది, నేనూ అంతే.

నాకు ఉద్యోగం ఇస్తూ ఉత్తరువు వచ్చేసరికి వానాకాలం మొదలైంది. పని మా ఊళ్లో కాదు, కోసిగిలో. ఒంటరిగా ఉండాలి, ఊరు ఎండు నేల, సగం ఇండ్లు పనుల కోసం వలసపోయి తాళాలు వేసి ఉంటాయి. నాయన ఆదోని దాకా బస్సులో, అక్కడి నుంచి రైలులో తనే వచ్చి దించి పోయాడు. అప్పటికి వదినకు ఐదో నెల నిండింది, అయినా నా గుండె కుదురుగా లేదు. నా కోసం మొక్కు తప్పింది కదా, ఆ కడుపు కూడా పోతే ఆ ఇంటి గడప ఏ మొహంతో తొక్కాలి? పగలు పిల్లలకు కాగితం మడవడం నేర్పేదాన్ని, పొద్దు వాలితే రైలు కూత వినబడినప్పుడల్లా ఎవరైనా కబురు తెస్తున్నారేమోనని లేచి గుమ్మం దగ్గరికి పోయేదాన్ని. అంతగా భయపడిన నెలలు నా జీవితంలో మళ్లీ లేవు, నా మొగుడికి జబ్బు చేసినప్పుడు కూడా భయపడేంత వ్యవధి దొరకలేదు.

ఒక మధ్యాహ్నం బడి గుమ్మంలో నాయన నిలబడి ఉన్నాడు. ఆయన మొహం చూసి మంచో చెడో తెలుసుకోవడం ఎవరి వల్లా కాదు. చేతిలో కత్తెరతోనే ఎదురు పోయాను.

"ఆడపిల్ల. ఇద్దరూ బాగుండారు," అన్నాడు. తరవాత నీళ్లు అడిగాడు.

సెలవుకు పోయి చూస్తే పిల్ల రావిరంగు గుడ్డలో చుట్టి ఉంది. సంఘం వాళ్లు తెల్లవాటిలో కలపలేమన్న ఆ గుడ్డంతా మా ఇంట్లోనే ఉండిపోయింది, ఉతికేకొద్దీ మెత్తబడి పసిపిల్లకు బాగా ఒదిగింది. వదిన మంచం మీద నుంచే, "నీ కంపు ఇంగా పోలేదు సూడు, గుడ్డలో," అని నవ్వింది. మా ఇద్దరికీ మాటలు కలిసింది ఆ రోజే.

ఆ పిల్లే మా మేనకోడలు. ఇప్పుడు నేనుంటున్నది ఆమె ఇంట్లోనే, అట్టపెట్టె పరుచుకుని కూర్చున్నది ఆమె మనవరాలే. పంతులమ్మగా ముసలిదాన్నయ్యాను, రాట్నం ముందు కాలేదు. ఏటా పిల్లలతో రావి ఆకులు నానబెట్టించాను, కుండ మాత్రం ఊరిబయట పెట్టించేదాన్ని. ఎమ్మిగనూరు పోతే మా వీధిలో ఇప్పుడు పడుగులు చాచడానికి చోటు లేదు, ఇంటింటి ముందూ మోటారు సైకిళ్లే, గంజి వాసన ఎక్కడా రాదు. అప్పట్లో ఒక ఇంట్లో ఏం తయారవుతున్నా వీధి వీధంతా ముక్కు మూసుకునేది, తిట్టుకునేది, అవసరమైతే కుంచె తెచ్చి చెయ్యి వేసేది. ఇప్పుడు బుద్ధుడు పెట్టెలో వస్తున్నాడు, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా. పిల్లకు అది తేలిక, తేలికగా ఉండటం మంచిదే, కాదనను.

ఆకు అంటించడం అయిపోయాక పిల్ల నా దగ్గరకు వచ్చి, మిగిలిన ఒక్క ఆకును నా ముక్కు దగ్గర పెట్టి, "వాసన రాదు అవ్వా, మందు వేసి కడిగేసుంటారు," అంది. నిజమే, రాదు. వదిన పోయి ఐదారేండ్లయింది. ఆ కుళ్లిన ఆకుల కంపు ఒక్కసారి వస్తే చాలు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆమె ఈ గుమ్మంలోకి వచ్చి నిలబడుతుందని నాకు అనిపిస్తుంది.